పాత కార్మిక చట్టాలు అంత మంచివైతే, ఠేకేదార్ కింది మనిషి ఇన్నేళ్లయినా పర్మనెంట్ ఎందుకు కాలేదు?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గరి తాడాళి ఎంఐడీసీ (ప్రభుత్వ పారిశ్రామిక వాడ)లోని ఒక ఫ్యాక్టరీలో ఠేకేదార్ (కాంట్రాక్టర్) కింద పనిచేస్తున్న మీ అన్నగారికి కొత్త లేబర్ కోడ్లతో, అంటే పాత కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన నాలుగు కొత్త చట్టాలతో, మేలు జరుగుతుందని కంపెనీవారు, ఉన్నది కూడా ఊడిపోతుందని యూనియన్‌వారు చెబుతున్నారు, ఎవరి మాట నమ్మాలన్నది మొదటిది. యూనియన్లు ఇంతగా వెనకేసుకొస్తున్న పాత చట్టాలు అమలులో ఉండగానే ఆయన ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర నిలబడ్డాడు కదా, మరి పర్మనెంట్ ఎందుకు కాలేదన్నది రెండోది. నాకు రెండోదే అసలు ప్రశ్నగా కనిపిస్తోంది. దానికి జవాబు దొరికితే మొదటిదానికి వేరే వెతకనక్కరలేదు.

చంద్రపూర్ జిల్లాలో కాంట్రాక్టు కార్మికుల సంఘం ఒకదానిలో నేను చాలాకాలం కాగితాల పని చూశాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, బెల్లంపల్లి వైపు నుంచి తండ్రుల కాలంలోనో తాతల కాలంలోనో వచ్చి బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్‌లలో ఇళ్లు కట్టుకున్న తెలుగువారు. వారికి ఇంట్లో తెలుగు, పనిలో హిందీ, కాగితం మీద మరాఠీ. లేబర్ ఆఫీసుకు పెట్టే అర్జీలను మరాఠీలో రాసిపెట్టడంతో నా పని మొదలైంది. చట్టం సంగతులు ఆ అర్జీలు తిరిగివచ్చినప్పుడు నేర్చుకున్నవే.

బయటివారు అనుకునేట్టు యూనియన్లకు పాత చట్టాలంటే మోజేమీ లేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని యూనియన్ మీటింగుల్లో తిట్టినంతగా ఇంకెక్కడా తిట్టరు. ఆ తిట్లన్నీ వడగడితే మిగిలేది ఒకటే ఫిర్యాదు. మనిషి ఏ పని చేస్తున్నాడన్నది చట్టం ముందుగా చూడదు. అతడి పేరు ఎవరి రిజిస్టరులో ఉంది, ఆ రిజిస్టరులో మొత్తం ఎన్ని పేర్లున్నాయి అన్నది చూస్తుంది. హక్కు అడగాలంటే ముందు ఆ లెక్కలోకి రావాలి, ఆ లెక్క రాసేది యజమాని, లేదా ఆయన పెట్టుకున్న ఠేకేదార్.

కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కూలీలను పెట్టుకున్న ఠేకేదార్ లైసెన్సు తీసుకోవలసి ఉండేది. మహారాష్ట్ర ప్రభుత్వం తన పరిధిలోని సంస్థలకు ఈ సంఖ్యను 2017లోనే 50కి పెంచింది. ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ పేరుతో దేశమంతటికీ వచ్చింది కూడా అదే 50. అంటే కొత్త కోడ్‌తో ఏమవుతుందో అని మిగతా రాష్ట్రాలవారు ఊహించుకుంటున్నదాన్ని మేము 2017 నుంచే కళ్లతో చూస్తున్నాము.

నాకు బాగా తెలిసిన ఒక ఫ్యాక్టరీ లోడింగు విభాగంలో ఎనభై మందికి పైగా పనిచేసేవారు. ఒకే షెడ్డు, ఒకే సూపర్‌వైజరు, హాజరీ వేయించుకునే కిటికీ ఒకటే. సంఖ్య మారకముందు అక్కడ ఒకే ఠేకేదార్ ఉండేవాడు, ఆయనకు లైసెన్సు ఉండేది. మారిన కొన్నాళ్లకు ఆయన బావమరిది పేరున ఇంకో సంస్థ పుట్టింది, మనుషులను చెరి సగం రాసుకున్నారు. తాను ఎవరి మనిషో కూలీకి తెలిసేది కాదు. పగార్ (జీతం) రోజున చీటీ మీద ఎవరి పేరుంటే వారి మనిషి. మొత్తం కలిపితే యాభై దాటుతారు కాబట్టి కంపెనీ రిజిస్ట్రేషన్ బాధ్యత నుంచి తప్పించుకోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఠేకేదార్లిద్దరికీ మాత్రం లైసెన్సు అక్కరలేకుండా పోయింది. లైసెన్సే లేనప్పుడు దాని కోసం కట్టే డిపాజిట్టు లేదు, పగార్ ఎగ్గొడితే లైసెన్సు రద్దు చేయిస్తామన్న మా బెదిరింపూ పనిచేయదు. చట్టంలో ఒక్క అంకె మారిందంతే. ఎవరూ ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు కూడా.

అదే విభాగంలో ఒకాయన తన గేట్ పాసులన్నిటినీ రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నాడు. లామినేషన్ చేసిన చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో ఠేకేదార్ పేరు, ఒక్కో రంగు గీత. వరసగా పేర్చి చూస్తే ఫొటోలో జుట్టు నెరుస్తూ పోతుంది, పక్కన ‘చేరిన తేదీ’ మాత్రం ప్రతి కార్డుకూ కొత్తగా ఉంటుంది. గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలని 1972 చట్టం చెప్పింది. ఠేకా రెండేళ్లకోసారి చేతులు మారే చోట ఆ ఐదేళ్లు నిండేది ఎప్పుడు? 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చిన తర్వాత మాకు కొంత ఊపిరి ఆడింది. ఠేకేదార్లు ఎందరు మారినా నంబరు ఒకటే కాబట్టి, ఒకరి దగ్గర మానేసిన మరునాడే ఇంకొకరి దగ్గర చేరినట్టు పాస్‌బుక్కులోనే కనిపిస్తుంది. కార్మికుడి చేతిలో ఉన్న కాగితాల్లో యజమాని పక్షం దిద్దడానికి వీలు తక్కువగా ఉన్నది అదొక్కటేనని నా అనుభవం.

ఇక కోర్టుల సంగతి. పని శాశ్వత స్వభావం కలదైతే ఆ పనిలో కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసే అధికారాన్ని 1970 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. రద్దు చేశాక ఆ కార్మికులు ఏమవుతారో మాత్రం చెప్పలేదు. ఈ ఖాళీలోనే కథంతా నడిచింది. రద్దయితే వారు కంపెనీ ఉద్యోగులైపోతారని ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఒకసారి అన్నది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటను తోసిపుచ్చి, దానంతటదే పర్మనెంట్ కావడమంటూ ఉండదని తేల్చింది. ఠేకా అన్నది ఉత్త నాటకమని పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువు చేసుకుంటేనే దారి. మహారాష్ట్రవారికి దీనికి తోడు సిప్లా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఉంది, అది కూడా 2001లోనే వచ్చింది. యజమాని అన్యాయంగా ప్రవర్తిస్తే ఫిర్యాదు చేసుకోవడానికి ఈ రాష్ట్రంలో 1971 నాటి ప్రత్యేక చట్టం ఉంది, దేశంలో చాలా రాష్ట్రాలకు అలాంటిది లేదు. అయితే కంపెనీ ‘ఈయన మా మనిషి కాడు’ అన్నదంటే, ముందు కంపెనీ మనిషినని వేరే వివాదంలో తేల్చుకుని ఆ తర్వాతే ఆ తలుపు తట్టాలని ఆ తీర్పు చెప్పింది. ఆ చట్టం కింద ఫిర్యాదుకు గడువు 90 రోజులు. తేల్చుకునే వివాదానికి పట్టేది ఏళ్లు.

ఎన్నేళ్లు అని అడిగితే ఒడిశా వైపు చూపించవచ్చు. అక్కడి బ్రజరాజ్‌నగర్ బొగ్గు గని కార్మిక సంఘం 32 మంది కాంట్రాక్టు కార్మికుల తరఫున నిలబడితే, ఒప్పందంలో 19 మందిని తీసుకుని 13 మందిని వదిలేశారు. మిగిలినవారూ అదే రకం పని చేశారని ట్రిబ్యునల్ 2002లో చెప్పింది. ఆ మాటను సుప్రీంకోర్టు ఖాయం చేసింది 2024 మార్చిలో. తీర్పు మంచిదే, మేము దాని ప్రతిని చాలామందికి చూపించాము కూడా. కానీ నెల పగార్ మీద బతికే మనిషికి ఇరవై రెండేళ్ల తర్వాత వచ్చే న్యాయాన్ని చూపించి ధైర్యం చెప్పడానికి నోరు రాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు జవాబు మీకే తెలిసి ఉంటుంది. మీ అన్నగారు పర్మనెంట్ కాకపోవడానికి కారణం ఆయన పని తాత్కాలికం కావడం కాదు. ఆయన ఎవరి మనిషన్నది తేల్చే భారాన్ని పాత చట్టాలు ఆయన నెత్తిన పెట్టాయి, తేల్చడానికి కావలసిన రిజిస్టర్లను అవతలివారి దగ్గర ఉంచాయి.

తప్పు బయటపడినా శిక్ష ఏపాటిదో చూడండి. పాత కాంట్రాక్టు లేబర్ చట్టంలో గరిష్ఠ జరిమానా 1,000 రూపాయలు, లేదంటే మూడు నెలల జైలు ఉండేవి; నాకు తెలిసినంతవరకు మా వైపు జైలుకు వెళ్లిన ఠేకేదార్ లేడు. పైగా ఆ చట్టం కింద కేసు పెట్టాలంటే ఇన్‌స్పెక్టర్ స్వయంగా ఫిర్యాదు చేయవలసి వచ్చేది, లేదా ఆయన రాతపూర్వక అనుమతి ఉండవలసి వచ్చేది. యూనియన్ సాక్ష్యాలన్నీ పోగుచేసి తీసుకెళ్లినా ఆయన సంతకం లేనిదే కోర్టు దాన్ని ముట్టుకునేది కాదు. ఒకే పనికి ఒకే జీతం అన్న సూత్రమైనా ఆ చట్టంలో ఉండేది కాదు, 1971 నాటి నియమాల్లో లైసెన్సు షరతుగా ఓ మూల ఉండేది. లైసెన్సే అక్కరలేని ఠేకేదార్‌ను ఆ షరతుతో ఎలా పట్టుకోవాలో ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

యూనియన్ల వైపు కూడా ఒక మాట అనక తప్పదు. 1926 చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేసుకునే వీలుండేది గానీ, ఆ సంఘంతో యజమాని మాట్లాడి తీరాలని అందులో ఎక్కడా ఉండేది కాదు. మహారాష్ట్ర 1971 చట్టం ఆ లోపాన్ని కొంత పూడ్చి, ఆరు నెలలపాటు 30 శాతం సభ్యత్వం చూపిన సంఘానికి గుర్తింపు ఇచ్చింది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ దేశమంతటికీ గుర్తింపు తెచ్చింది. 51 శాతం ఉంటే ఒకే సంఘం, లేకపోతే 20 శాతం చొప్పున ఉన్న సంఘాలతో ఒక మండలి చర్చలు జరుపుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ శాతాలు లెక్కించేది సంస్థ మస్టరు రోలు (హాజరు పట్టీ)లో ఉన్నవారిలో. ఠేకేదార్ మస్టరులో ఉన్నవారు అందులోకి రారు. గుర్తింపు పొందిన సంఘాలకు ఇది తెలియక కాదు. చాలాచోట్ల పర్మనెంట్ కార్మికుల జీతాల ఒప్పందం మీద సంతకాలు పెట్టేటప్పుడు కాంట్రాక్టువారి విషయం చివరి పేజీలో ‘యాజమాన్యం సానుభూతితో పరిశీలిస్తుంది’ అన్న వాక్యంతో సరిపెట్టారు. చట్టంలో కంత ఉన్నదని చెప్పే హక్కు యూనియన్లకు ఉంది, ఆ కంతలోంచి కొన్ని సంఘాలు కూడా హాయిగా వచ్చిపోయాయని నేను అంటాను.

ఈ నేపథ్యంలో నాలుగు కోడ్లను చూడాలి. వేతనాల కోడ్‌ను 2019లో, మిగిలిన మూడింటిని 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది. 29 కేంద్ర చట్టాల స్థానంలో ఇవి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. పది కేంద్ర కార్మిక సంఘాలు వీటిని వెనక్కి తీసుకోవాలంటూ అంతకుముందు జూలై 9న దేశవ్యాప్త సమ్మె చేశాయి. భారతీయ మజ్దూర్ సంఘ్ ఆ సమ్మెలో చేరలేదు. వేతనాల కోడ్, సామాజిక భద్రత కోడ్ బాగున్నాయనీ మిగతా రెండింటిలో మార్పులు కావాలనీ అది చెబుతూ వచ్చింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకునే భారత కార్మిక సదస్సు చివరిసారి జరిగింది 2015లో. అసలు విషయం కంటే ఈ పిలవకపోవడమే కొందరు నాయకులకు ఎక్కువ కోపం తెప్పించిందని నా అనుమానం, ఆ కోపంలో న్యాయం లేకపోలేదు.

కోడ్లలో మేలు లేదనడం అబద్ధం. కార్మికుడికి నియామక పత్రం ఇచ్చి తీరాలన్నారు. ఎవరి మనిషన్నదే ప్రశ్న అయినచోట ఇది చిన్న విషయం కాదు. వేతనాల కోడ్ కింద కార్మికుడు గానీ రిజిస్టరైన సంఘం గానీ నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు, బకాయి అడగడానికి మూడేళ్ల గడువు ఇచ్చారు. భద్రత కోడ్‌ను ఉల్లంఘిస్తే పడే జరిమానా లక్షల్లోకి వచ్చింది. ఠేకేదార్ పగార్ ఎగ్గొడితే కంపెనీ చెల్లించాలన్న పాత నిబంధన అలాగే ఉంది. వీటిని యూనియన్ కరపత్రాలలో కూడా రాయాలని నేను వాదించేవాణ్ణి.

యూనియన్ల అభ్యంతరం ఈ మేళ్ల మీద కాదు, ఇవి ఎవరికి అందవో ఆ గీతను పైకి జరపడం మీద. విద్యుత్తు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు 20 మంది ఉండాలి; విద్యుత్తు లేనిచోట 20 కాస్తా 40 అయింది. లేఆఫ్‌కూ తొలగింపుకూ మూసివేతకూ ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన సంఖ్య 100 నుంచి 300కు పెరిగింది. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఏ తప్పుకు ఏ చర్య, విచారణ ఎలా అన్న నియమావళి కూడా 300 మంది ఉంటేనే తప్పనిసరి. చంద్రపూర్ ఎంఐడీసీ షెడ్ల ముందు నిలబడి లెక్కపెడితే మూడువందల మందిని సొంత మస్టరులో చూపేవి వేళ్ల మీద లెక్కించవచ్చు. ఠేకా మనుషులను కలపకుండా లెక్కిస్తే ఇంకా తగ్గుతాయి. ప్రధానమైన పనిలో ఠేకా పెట్టరాదని కోడ్ చెప్పిన మాట నిజమే, కానీ ఆ పని సాధారణంగా ఠేకా మీదే జరిగే రకమైతే పరవాలేదని మినహాయింపు పక్కనే ఉంది. ఠేకా మీద జరగడం అలవాటు చేసినవాడికే ఆ అలవాటు సాక్ష్యంగా పనికొస్తుంది.

సమ్మె విషయం క్లుప్తంగా చెబుతాను. ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేయకూడదు, సగం మంది కలిసి సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. నోటీసు అందగానే లేబర్ అధికారి చర్చలకు పిలిస్తే చట్టబద్ధమైన సమ్మెకు ముహూర్తమే దొరకదని సంఘాల వాదన. ఆ వాదన సరైనదే, కానీ కాంట్రాక్టు కార్మికుడికి ఇది దూరపు బాధ. ఆయన చేతిలో సమ్మె ఆయుధం ఎప్పుడూ లేదు. ఒకరోజు రాకపోతే మరునాడు గేట్ పాసు పనిచేయదు.

ఇన్‌స్పెక్టర్ పేరు చివర ‘ఫెసిలిటేటర్’ (సహకరించేవాడు) అని చేర్చి, ఏ ఫ్యాక్టరీకి తనిఖీకి వెళ్లాలో కంప్యూటరు చీటీ తీసినట్టు తీసి చెప్పే పద్ధతి పెట్టారు. లంచాలు తగ్గుతాయని ఒక వాదన ఉంది, పాత ఇన్‌స్పెక్టర్లను చూసినవాడిగా దాన్ని కొట్టిపారేయను. అయితే తనిఖీ అధికారికి ముందస్తు సమాచారం లేకుండా లోపలికి వెళ్లే స్వేచ్ఛ ఉండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికను మన దేశం 1949లోనే ఆమోదించింది. సంఘం పెట్టుకునే హక్కుకు, సామూహిక బేరానికి సంబంధించిన 87, 98 ఒడంబడికలను మాత్రం ఇంతవరకు ఆమోదించలేదు. యూనియన్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాయి.

కనీస వేతనం మాట కూడా ఇంతే. జాతీయ స్థాయి కనీస వేతనం రోజుకు 176 రూపాయలని 2017లో ప్రకటించారు. 375 ఉండాలని ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీయే 2019లో చెప్పింది. తిండి, బట్ట, ఇల్లు లెక్కగట్టి వేతనం నిర్ణయించాలని 1957 నాటి కార్మిక సదస్సు చెప్పిన కొలతను, దానికి పిల్లల చదువు, వైద్యం వంటివి కలపాలన్న 1991 సుప్రీంకోర్టు తీర్పును కోడ్‌లోనే రాయమని సంఘాలు అడిగాయి. కోడ్‌లో రాయలేదు, ప్రభుత్వ నిర్ణయానికి వదిలారు.

లెక్క అన్నానే, ఆ లెక్కకు పూర్తిగా అవతల ఉన్నవారిని చూడాలంటే సిరొంచ వైపు వెళ్లాలి. గడ్చిరోలి జిల్లా దక్షిణ కొస నుంచి ఎండలు ముదిరే ముందు గుంపులు గుంపులుగా గోదావరి దాటి తెలంగాణ మిర్చి చేలకు పోతారు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఠేకేదార్ తీసుకెళ్లిన ఐదుగురు లేదా అంతకు మించిన గుంపుకే వర్తించేది. కొత్త కోడ్ సొంతంగా వెళ్లినవారినీ కలుపుకుంది, అది మెరుగే, కానీ సంఖ్యను పదికి పెంచింది. ఈ గుంపు ఒక రైతు చేనులో రెండు రోజులు, ఇంకో రైతు చేనులో మూడు రోజులు కోస్తుంది. కిలోల లెక్కన కూలి, రాత్రి పడక చేను గట్టునే. వారి యజమాని ఎవరని అడిగితే రైతు ముఠా మేస్త్రిని, మేస్త్రి రైతును చూపిస్తారు, ఇద్దరి దగ్గరా రిజిస్టరు లేదు. 2020 లాక్‌డౌనులో ఈ కూలీలు నడిచి ఊళ్లకు చేరవలసి వచ్చినప్పుడు, ఎవరు ఎక్కడ ఉన్నారో రెండు రాష్ట్రాల దగ్గరా కాగితం లేకపోయింది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: కంపెనీవారు చెప్పిన మేళ్లు కోడ్‌లో ఉన్నాయి, యూనియన్‌వారు చెప్పిన నష్టాలూ ఉన్నాయి. మీ అన్నగారికి ఏది తగులుతుందన్నది ఆయన ఠేకేదార్ కింద ఎందరిని చూపిస్తున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. కాంట్రాక్టువారిని సభ్యులుగా తీసుకునే సంఘం దగ్గరలో ఉంటే చేరమనండి, చందా రసీదు తీసుకోమనండి. పీఎఫ్ పాస్‌బుక్కును మొదటి ఠేకేదార్ నుంచి ఇప్పటిదాకా ప్రింటు తీసి పెట్టుకోవాలి. ఈఎస్ఐ కార్డు, భద్రతా శిక్షణ చీటీలు, కంపెనీ సూపర్‌వైజరు పేరున్న ఏ చిన్న కాగితమైనా, ఆయన ఎవరి అజమాయిషీలో పనిచేశారో చూపడానికి పనికొస్తుంది.

ఇక నియామక పత్రాల పంపిణీ మొదలైతే ఒక్క విషయం చెప్పండి. ఆ పత్రంతోపాటు, పాత ఠేకేదార్ దగ్గర లెక్క పూర్తిగా తేలిపోయిందని, ఇక రావలసినదేమీ లేదని రాసిన మరో కాగితం మీద సంతకం అడిగే అవకాశం ఉంది. మరాఠీలో ఉందని చదవకుండా పెట్టవద్దనండి. నియామక పత్రంలో చేరిన తేదీ ఏదని వేశారో చూసి, అది కొత్త తేదీ అయితే ‘పాత సర్వీసుపై హక్కు వదులుకోలేదు’ అని సంతకం పక్కన తన చేత్తో తెలుగులోనైనా సరే రాసి, ఫొటో తీసుకుని ఆ తర్వాతే కాగితం తిరిగి ఇవ్వమనండి.